గీత తిన్నగా ఉంది, పలక మాడిపోయింది

నాలుగేళ్ళ కిందటి మాట. హైదరాబాదు శివార్లలో ఓ టెస్టింగ్ లాబు. నేనూ నా లాప్‌టాపూ ఓ మూల కూర్చుని ఉన్నాం. గాజు తలుపు అవతల ఓ కార్బన్ కాంపోజిట్ పలకకి ఒకవైపు నుంచి క్వార్ట్‌జ్ దీపాలతో వేడి పెడుతున్నారు. ఆ పలక లోపల వెంట్రుక మందాన ఓ ఆప్టికల్ ఫైబరు, దాని పొడవునా ఎనిమిది సెన్సర్లు. అవి చెప్పేదాన్ని తెర మీద గీతలుగా చూపించే సాఫ్ట్‌వేరు నాది. ఎనిమిది గీతలూ పద్ధతిగా పైకి వెళ్ళి, 150 డిగ్రీల దగ్గర తిన్నగా సాగుతున్నాయి. (ఇక్కడ డిగ్రీలన్నీ సెంటీగ్రేడే.) టెస్టు ప్లానులో రాసుకున్నదీ 150 డిగ్రీలే. నాకు లోలోపల భలే గర్వంగా ఉంది.

ఇంతలో దీపాల దగ్గరుండే పెద్దాయన ముక్కు ఎగబీల్చాడు. ముప్ఫై ఏళ్ళుగా ఇలాంటి పలకల్ని ఉడకబెడుతున్న మనిషి. ఒక్క అంగలో వెళ్ళి మెయిన్ ఆపేసి, నా వైపు తిరిగి, "బాబూ, అక్కడ పలక మాడిపోతోంది, నీ గీతేమో తిన్నగా పోతోంది. అదసలు ఏం చూస్తోందంటావ్?" అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ నేర్చుకున్నదీ, దాని మీద నాకు ఏర్పడిన ఓ గట్టి అభిప్రాయమూ ఇవాళ మీ ముందు పెడుతున్నాను. కొంచెం ఫిజిక్సు ఉంటుంది, భయపడకండి. నేను చదివింది ఈసీఈ, బతుకుతున్నది కోడు రాసి. కాబట్టి నాకర్థమైన భాషలోనే చెబుతాను.

ముందు ఈ ఫైబరు సంగతి. మన ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే గాజు తీగే ఇది. మందం 125 మైక్రాన్లు. దాని నడిమధ్యలో వెలుతురు పరిగెత్తే దారి (కోర్ అంటారు) ఇంకా సన్నం. ఆ దారిలో కొన్ని మిల్లీమీటర్ల మేర, అతినీలలోహిత లేజరుతో దగ్గర దగ్గరగా గీతల్లాంటివి ముద్రిస్తారు. అంటే గాజు వక్రీభవన గుణకం ఓసారి కాస్త ఎక్కువ, ఓసారి మామూలు, మళ్ళీ ఎక్కువ, ఇలా అన్నమాట. ఒక్కో గీతకీ మధ్య దూరం అరమైక్రానుకి కాస్త ఎక్కువ. దీన్ని ఫైబర్ బ్రాగ్ గ్రేటింగు అంటారు. తెల్లటి వెలుతురు పంపిస్తే, ఒకే ఒక్క రంగుని వెనక్కి తిప్పికొట్టి మిగతాదంతా పోనిస్తుంది. ఫైబరు సాగితే గీతల మధ్య దూరం పెరుగుతుంది, తిరిగొచ్చే రంగు మారుతుంది. ఎంత మారిందో కొలిస్తే ఎంత సాగిందో తెలుస్తుంది. అంతే సంగతి.

వెలుతురుతో గాజులో ఇలా గ్రేటింగు ఏర్పడుతుందని 1978లో కెనడాలో కెన్నెత్ హిల్ బృందం కనిపెట్టింది. పక్కనుంచి లేజరు కొట్టి, కావలసిన రంగుకి కావలసిన గ్రేటింగు ముద్రించే పద్ధతి 1989లో వచ్చింది. ఒకే తీగ మీద ఒక్కో గ్రేటింగుకీ ఒక్కో రంగు ఇచ్చి, వరసగా ఎన్నో సెన్సర్లు పెట్టొచ్చు. కరెంటు అక్కర్లేదు, నిప్పురవ్వ రాదు, అయస్కాంత క్షేత్రాలకి చలించదు. విమానాల వాళ్ళు దీని మీద మనసు పారేసుకున్నారంటే తప్పు లేదు.

కాంపోజిట్ లోపల దీన్ని పెట్టడం మాత్రం అంత తేలిక కాదు. కార్బన్ పోగు మందం దాదాపు 7 మైక్రాన్లు, మన ఫైబరు 125. వరిగడ్డి మోపు మధ్యలో వెదురు బొంగు దూర్చినట్టుంటుంది. గడ్డి వరస వెంబడే పడుకోబెడితే ఫరవాలేదు. అడ్డంగా పెట్టారో, బొంగుకి అటూ ఇటూ ఖాళీలు మిగిలి అక్కడ రెసిన్ మడుగు కడుతుంది. పగులు మొదలవడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. ఇక ఫైబరు పలకలోంచి బయటికొచ్చే అంచు మరీ సున్నితం. ఈ అంచు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇంత కష్టపడి లోపల పెట్టడం ఎందుకు అంటారా? లోహానికి వేడి తగిలితే రంగు మారుతుంది, వంగుతుంది, ఏదో ఒకటి చెబుతుంది. కాంపోజిట్ అలా కాదు. ఓ మోస్తరు వేడి తగిలిన పలక పైకి నున్నగా, నల్లగా, కొత్తదానిలాగే ఉండి లోపల బలం పోగొట్టుకోవచ్చు. అల్ట్రాసౌండ్ పరీక్షకి కూడా దొరక్కపోవచ్చు. 2013 జులై 12న లండన్ హీత్రూలో ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 787 ఒకటి ఖాళీగా ఆగి ఉంది. లోపల ఎవరూ లేరు. వెనక భాగంలో పైకప్పు దగ్గర, ప్రమాద సమయంలో సంకేతాలు పంపే చిన్న పరికరం లోని లిథియం బ్యాటరీ అంటుకుంది. బ్యాటరీ అయిపోయినా మంట ఆగలేదు. కాంపోజిట్ లోని రెసిన్ నెమ్మదిగా కాలుతూ మంటని పోషించింది. పైన పెయింటు మాడి పొగ వచ్చేదాకా బయటివాళ్ళకి తెలియలేదు. ఇలాంటి చోట లోపలి నుంచి కబురు చెప్పే తీగ ఉంటే బాగుండుననిపించడం సహజం.

అయితే ఆ తీగ చెప్పే కబురులో ఓ తిరకాసు ఉంది. ఫైబరు సాగినా రంగు మారుతుంది, వేడెక్కినా మారుతుంది. 1550 నానోమీటర్ల దగ్గర పనిచేసే గ్రేటింగు, ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 10 పీకోమీటర్లు జరుగుతుంది. ఒక మైక్రోస్ట్రెయిన్ (అంటే మీటరు పొడవుకి ఒక మైక్రాను) సాగితే 1.2 పీకోమీటర్లు. లెక్కేసుకోండి: ఒక్క డిగ్రీ వేడి మనకి ఎనిమిది మైక్రోస్ట్రెయిన్ల సాగుడులా కనిపిస్తుంది. వంద డిగ్రీలు తప్పు పోతే, ఎవరూ ముట్టుకోని పలక మీద ఎనిమిది వందల మైక్రోస్ట్రెయిన్ల బరువు పడ్డట్టు రిపోర్టు వస్తుంది. ఇంకో విచిత్రం ఏంటంటే, ఆ 10 పీకోమీటర్లలో గాజు వ్యాకోచం వాటా చాలా తక్కువ. ఎక్కువ భాగం వేడికి గాజు వక్రీభవన గుణకం మారడం వల్ల వచ్చేదే.

దీనికి మందు, రెండు మూడు గ్రేటింగుల్ని సన్నటి గొట్టంలో వదులుగా ఉంచడం. అవి పలకతో పాటు సాగవు కాబట్టి వేడిని మాత్రమే చెబుతాయి. ఆ లెక్కని మిగతా వాటిలోంచి తీసేస్తాం. మా పలకలో రెండు అలాంటివే. మరి ఆ 10 అనే సంఖ్య ఎప్పుడూ పదేనా? గది వేడి దగ్గర మాత్రమే. వేడి పెరిగే కొద్దీ అదీ పెరుగుతుంది. వందల డిగ్రీలు దాటాక కూడా పదే అనుకుని సరళరేఖ గీస్తే, తప్పు గీతే కానీ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

ఇంకా వేడి పెంచుకుంటూ పోదాం. ముందుగా పోయేది ఫైబరు మీది పూత. టెలికాం ఫైబరు మీద ఉండే ఆక్రిలేట్ పూత 85 డిగ్రీల దాకా. పాలిమైడ్ పూత సుమారు 300 దాకా. అంతకు మించితే బంగారు పూతలూ అవీ వెతుక్కోవాలి. పూత పోయాక ఫైబరుకీ రెసిన్‌కీ మధ్య పట్టు పోతుంది. పలక సాగుతుంది, ఫైబరు దానితో పాటు సాగదు. గ్రేటింగు మాత్రం చక్కగా పనిచేస్తూ, తనకి తెలిసిన నిజాన్నే చెబుతుంది. ఆ నిజం పలక గురించి కాదు.

తర్వాత గ్రేటింగు వంతు. మామూలు అతినీలలోహిత గ్రేటింగు కొన్ని వందల డిగ్రీల దగ్గర కరిగిపోవడం మొదలుపెడుతుంది. కరగడమంటే గాజు కరగడం కాదు, లేజరు చేసిన మార్పు చెరిగిపోవడం. తిరిగొచ్చే వెలుతురు బలం తగ్గిపోతూ వస్తుంది, రంగు కూడా కాస్త జరుగుతుంది. ఇది ఒక్క వేడి మీదే కాదు, ఆ వేడిలో ఎంతసేపు ఉంది అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. అందుకే జాగ్రత్తపరులు సెన్సరుని వాడేముందే ఎక్కువ వేడిలో కాసేపు కాలుస్తారు. త్వరగా చెరిగిపోయే భాగం ముందే చెరిగిపోతే, మిగిలింది చాలాకాలం నిలకడగా ఉంటుంది. కొత్త కుండని వాడేముందు నీళ్ళు పోసి కాచినట్టు.

అంతకన్నా వేడి కావాలనేవాళ్ళకీ దారులున్నాయి. గ్రేటింగుని పూర్తిగా చెరిగిపోయేదాకా కాల్చి, ఆ వేడిలోనే మళ్ళీ పుట్టించే పద్ధతి ఒకటి. 2008లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో జాన్ కానింగ్ బృందం ఇది చూపించింది. ఇలా పునర్జన్మ ఎత్తినవి వెయ్యి డిగ్రీలు దాటినా నిలుస్తాయి. కాకపోతే అంత వేడి తిన్న గాజు పెళుసుగా తయారవుతుంది, ముట్టుకుంటే విరుగుతుందేమో అన్నట్టు. ఇంకా పైకి అంటే ఫెమ్టోసెకండ్ లేజరుతో నీలం రాయి (సఫైర్) పోగులో గ్రేటింగు ముద్రించాలి. సఫైర్ కరిగేది 2000 డిగ్రీలు దాటాకే. అయితే దానికి గాజు ఫైబరుకున్నట్టు బయటి తొడుగు ఉండదు, వెలుతురు రకరకాల దారుల్లో పోతుంది, తిరిగొచ్చే శిఖరం సన్నగా ఉండాల్సింది బండగా వస్తుంది. సిలికాన్ కార్బైడ్ కాంపోజిట్ల విషయంలో మాత్రం ఇలాంటివి తప్పేలా లేవు. 2016లో సర్వీసులోకి వచ్చిన లీప్ ఇంజన్లలో ఈ జాతి పదార్థంతో చేసిన భాగాలున్నాయి. వీటిని తయారుచేసే ఓ పద్ధతిలో కరిగిన సిలికాన్‌ని లోపలికి ఇంకిస్తారు, సిలికాన్ కరిగేదే 1414 డిగ్రీల దగ్గర. మామూలు ఫైబరు అందులో పుట్టకముందే చస్తుంది.

సరే, మళ్ళీ మా లాబుకి వద్దాం. ఆ రోజు మా ఫైబరుని చంపింది ఇవేవీ కాదు. పలక వేడెక్కుతూ బిగింపు కాస్త కదిలింది, ఇందాక చెప్పానే, ఆ అంచు దగ్గర ఫైబరు పుటుక్కున తెగింది. సరిగ్గా 150 డిగ్రీలకి చేరే వేళకి. ఎనిమిది సెన్సర్లూ ఒకేసారి మూగబోయాయి. ఆ తర్వాత కాసేపటికి, దీపాల్ని అదుపు చేసే థర్మోకపుల్ పలక మీంచి ఊడి గాల్లో వేలాడింది. గాలి చల్లగా ఉంది కాబట్టి "వేడి చాలట్లేదు" అని కంట్రోలరుకి చెప్పింది. కంట్రోలరు దీపాల్ని ఎగదోసింది. పలక మాడింది.

మరి నా గీతలు? నా కోడులో ఓ చిన్న ఇఫ్ ఉంది. తిరిగొచ్చే వెలుతురులో శిఖరం దొరక్కపోతే, అంతకుముందు దొరికిన విలువనే మళ్ళీ చూపించు అని. అది నేనే రాశాను. ఎందుకు రాశానో కూడా గుర్తుంది. అంతకు నెల ముందు డెమోలో ఓ కనెక్టరు వదులై, గీత దభీమని సున్నాకి పడిపోయి మళ్ళీ లేచింది. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి కూర్చుని "సరిచేశాను".

ఆ రోజు ఒక సెన్సరు తప్పు చెప్పింది. ఇంకో ఎనిమిది చెప్పలేకపోయాయి. చెప్పలేకపోయిన వాటిని చెబుతున్నట్టు చూపించింది నేను. థర్మోకపుల్ ఊడినా నా తెర ఖాళీగా ఉండి ఉంటే ఎవరో ఒకరు లేచి చూసేవాళ్ళు. ఆ పలకని ఇద్దరు మనుషులు పొర మీద పొర పేర్చి మూడు వారాలు చేశారు. వాళ్ళు నన్ను ఒక్క మాట అనలేదు. అందుకు ఇంకా సిగ్గేసింది. తర్వాత డేటా తెరిచి చూస్తే, పిచ్చివాడికి కూడా తెలిసేట్టుంది. తీగ తెగేదాకా గీతలో ఓ పీకోమీటరు అటూ ఇటూ సన్నటి వణుకు ఉంది. తెగాక వణుకే లేదు. స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. ప్రాణమున్న సెన్సరు ఏదీ అంత తిన్నగా ఉండదు.

నా అభిప్రాయం ఇదీ: సెన్సరు మూగబోవడం కూడా ఒక కొలతే. దాన్ని పూడ్చేసే హక్కు సాఫ్ట్‌వేరుకి లేదు.

దీనికి నాకు తెలిసిన పెద్ద సాక్ష్యం కొలంబియా. అందులో ఉన్నవి కరెంటు తీగల సెన్సర్లు, ఆప్టికల్ ఫైబర్లు కావు. కానీ నేర్పే పాఠం ఒకటే. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురు తిరిగొస్తున్నారు. బయలుదేరేటప్పుడు ఊడిన ఫోము ముక్క తగిలి ఎడమ రెక్క అంచున కార్బన్-కార్బన్ కాంపోజిట్ పలకకి చిల్లు పడి ఉంది. వాతావరణంలోకి దిగేటప్పుడు ఆ చిల్లులోంచి వేడి వాయువు లోపలి అల్యూమినియం లోకి దూరింది. కంట్రోల్ రూములో ముందుగా కనిపించిన తేడాల్లో ఒకటి ఏమిటో తెలుసా? ఎడమ రెక్కలో హైడ్రాలిక్ గొట్టాల వేడి చెప్పే నాలుగు సెన్సర్లు ఒకదాని వెంట ఒకటి స్కేలు అడుక్కి పడిపోవడం. వాటి తీగలు కాలిపోతున్నాయి. అప్పటికి ఎవరూ చేయగలిగింది ఏమీ లేదనుకోండి. కానీ ఆ తర్వాత టెక్సాస్ అడవుల్లో ఓ డేటా రికార్డరు దొరికింది. అందులో రెక్క అంచు వెనకున్న సెన్సర్లు ఏం చెప్పాయి, ఏ తీగ ఏ క్షణంలో ఆగిపోయింది అన్నది ఉంది. ఆ తీగలు ఏ దారిన పోతాయో నక్షా వేసి, అవి చచ్చిన వరసని బట్టి వేడి వాయువు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పాకిందో దర్యాప్తు వాళ్ళు తేల్చారు. చచ్చిన సెన్సర్లే దారి చూపించాయి. అక్కడ నాలాంటివాడు ఎవడో కూర్చుని పాత విలువల్ని నింపే కోడు రాసి ఉంటే? తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అవతలి వాదన కూడా చెప్పాలి కదా. "ఒక్క శాంపిల్ తప్పినా గీత తెగిపోతే, చూసేవాడికి చిరాకు. అస్తమానం అలారం మోగితే ఎవడూ పట్టించుకోడు" అని మా మేనేజరు అన్నాడు. అందులో నిజముంది. కంట్రోల్ లూపులో ఒకటి రెండు శాంపిళ్ళు తప్పితే పాత విలువతో నెట్టుకురావడం తప్పు కాదు. కానీ దానికి గడువుండాలి, అది పాత విలువ అని తెర మీద కనబడాలి. నా కోడులో గడువు లేదు. సెకను కిందటి విలువకీ, ఇరవై నిమిషాల కిందటి విలువకీ అదే రంగు.

ఇక నెమ్మదిగా చెరిగిపోయే గ్రేటింగు తెగిన తీగకన్నా ప్రమాదం. తెగితే కనీసం శిఖరం మాయమవుతుంది. చెరిగేది మాత్రం రోజూ కాస్త కాస్త అబద్ధం చెబుతూ పనిచేస్తూనే ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే రంగు ఒక్కటే చూస్తే చాలదు. శిఖరం ఎత్తెంత, వెడల్పెంత, ఒక్కటే ఉందా రెండుగా చీలిందా అన్నది కూడా రాసుకోవాలి. రెసిన్ గడ్డకట్టేటప్పుడు ఫైబరుని పక్కల నుంచి నొక్కితే శిఖరం నిజంగానే రెండుగా చీలుతుంది. అప్పుడు ఒక్క శిఖరం కోసం వెతికే ప్రోగ్రాము ఓసారి దీనిమీద, ఓసారి దానిమీద గెంతుతుంది. ప్రతి సెన్సరుకీ అది ఎంత వేడిలో ఎన్ని గంటలు గడిపిందో ఓ లెక్క ఉండాలి. మందు సీసా మీద గడువు తేదీ ఉన్నట్టు. అన్నిటికన్నా ముఖ్యం, వచ్చిన స్పెక్ట్రమ్‌ని వచ్చినట్టు దాచాలి. డిస్కు చవక, పలక ఖరీదు.

ఇప్పుడు మా తెర మీద శిఖరం పోతే గీత అక్కడితో ఆగిపోతుంది. తర్వాత తెల్లటి ఖాళీ. డెమోల్లో అది బాగోదు. ఎవరైనా "ఇదేంటి, ఇక్కడేమీ లేదు?" అని అడిగితే, "అవునండీ, అక్కడ మాకేమీ తెలీదు" అంటాను. మొదట్లో నోరు రాలేదు, ఇప్పుడు అలవాటైంది.

మనలో ఎక్కువమందికి పలకలూ దీపాలూ ఉండవు, సర్వర్లూ డాష్‌బోర్డులూ ఉంటాయి. రేపు ఆఫీసుకెళ్ళాక, మీ డాష్‌బోర్డులో ఎప్పుడూ పచ్చగా, తిన్నగా ఉండే గీత ఒకటి వెతకండి. అది పంపే యంత్రం తీగ పీకేస్తే ఆ గీత ఏం చేస్తుందో ఓసారి చూసి నాకు చెప్పండి.

తా.క.: ఇప్పుడు మా ఫైబర్లకి రెండు కొసలూ బయటికి తీస్తున్నాం. ఓ అంచున తెగితే రెండో వైపు నుంచి వెలుతురు పంపి చదువుకోవచ్చు. ఈ సలహా ఇచ్చింది ఆ పెద్దాయనే. "బావికి రెండు చేదలుంటే మంచిది బాబూ" అన్నాడు.